మూతి నుంచి మందు దట్టించే తుపాకీ: జింకపై నికరమైన గురి ఎంత దూరం?

పుదుచ్చేరి: గొట్టం మూతి నుంచి మందు, గుండు వేసి కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీని మజిల్‌లోడర్ అంటారు. దాని గుండు వందల గజాలు పోగలదు. వేటలో లెక్కకు వచ్చేది మాత్రం ఆ దూరం కాదు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు జానెడు వెడల్పు. మొదటి గుండే అక్కడ తగలాలి.

ఈ ఆయుధం పుదుచ్చేరికి కొత్త కాదు. డూప్లే గవర్నరుగా ఉన్న 1746లో పారదీ వెంట ఇక్కడి నుంచి బయలుదేరిన వెయ్యి మందికి లోపు ఫ్రెంచి సైనికులు, సిపాయిలు అడయారు ఒడ్డున మహఫూజ్‌ఖాన్ పెద్ద సైన్యాన్ని చెదరగొట్టారు. అది గురి గొప్పతనం కాదు, వరుసగా నిలిచి గుంపుపై ఒక్కసారిగా కాల్చడంలోని బలం. నాటి మస్కెట్ గొట్టం లోపల నునుపు. గుండు గొట్టం కన్నా కొంచెం చిన్నది కావడంతో అటూ ఇటూ తగులుతూ వచ్చి, చివరి తాకుడును బట్టి పక్కకు పోయేది. మామూలు సైనిక తుపాకీ 80 గజాల వరకు మనిషిని తాకవచ్చునని, 150 గజాల వద్ద దెబ్బతిన్నవాడు కేవలం దురదృష్టవంతుడని ఆంగ్లేయ సైనికాధికారి జార్జ్ హాంగర్ 1814లో రాశాడు. ఒంటరి జింక విషయంలో ఇలాంటి తుపాకీకి 50 గజాలే హద్దు.

గొట్టంలో మెలి గాళ్లు ఉన్న రైఫిల్‌లో గుడ్డముక్క చుట్టిన గుండు తిరుగుతూ, తిన్నగా పోతుంది. అయితే ఉండ ఆకారం గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. అర అంగుళం సీసపు గుండు సెకనుకు 1,800 అడుగుల వేగంతో బయలుదేరినా, 100 గజాలు చేరేసరికి దాని శక్తిలో సుమారు మూడో వంతే మిగులుతుంది. అందుచేత 75 నుంచి 100 గజాలు దాటి కాల్చడం గాయపరచడమే అవుతుంది. గాయపడిన జింక పొదల్లోకి పోయి గంటల తరబడి బాధపడి చావవచ్చు. మళ్లీ దట్టించేందుకు అర నిమిషమో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

ఫ్రెంచి సైనికాధికారి మినియే 1849లో రూపొందించిన కోసుగా ఉండే తూటా ఈ పరిమితిని సడలించింది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ గురిపట్టీపై 900 గజాల గుర్తు కూడా ఉండేది. అది సేనల గుంపుల కోసం. తూటా దారి బాగా వంగేది కనుక దూరం అంచనా కొద్దిగా తప్పినా జింక తప్పిపోతుంది. దుర్భిణి అమర్చిన నేటి మజిల్‌లోడర్లతో 150 గజాలు సాధ్యం. 200 గజాలు బాగా సాధన ఉన్నవారికే. మందుకు తేమ తగిలితే ఈ అంకెలేవీ నిలవవు. సముద్రతీరంలో అది నిత్య సమస్య.

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో మజిల్‌లోడర్‌తో జింక వేటకు ప్రత్యేక రుతువు ఉన్నది. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణుజు, కృష్ణజింకల వేట నేరం. పుదుచ్చేరి, యానాంలకూ ఇది వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాల అడవుల్లో పట్టుబడే నాటు తుపాకులు లైసెన్సు లేనివైతే 1959 ఆయుధ చట్టం కిందకు కూడా వస్తాయి. వాటి గొట్టాలు చాలావరకు నునుపువే. సరైన గురిపట్టీ కూడా ఉండదు.