“ఇదేమిటి నాన్నా?” – క్రిస్మసుకు ముందు మన పిల్లల ప్రశ్న

 

డిసెంబరు వచ్చింది. మన మెట్ట చేలల్లో పత్తి తీతలు సాగుతున్నాయి. పత్తి డబ్బు చేతికి రాగానే పిల్లలను వెంటబెట్టుకొని జగ్గయ్యపేట బజారుకో నందిగామ సెంటరుకో వెళ్లి కొత్త బట్టలు కొంటాము. ఇంటిమీద నక్షత్రం కడతాము. రాత్రిళ్లు కేరల్స్‌కు తిరుగుతాము. సంఘానికొక సెమీ క్రిస్మసు, బడికొక సెమీ క్రిస్మసు. ఇవన్నీ సంతోషమైన పనులే. అయితే ఈ పనులు ఎవరికోసం మొదలయ్యాయి? ఏ ఉద్దేశంతో మొదలయ్యాయి? ఈ దినం చరిత్రలోకి కొంచెం వెనక్కు నడిచి చూద్దాము.

మొదట పరిశుద్ధ గ్రంథము తెరుద్దాము. నిర్గమకాండము 12వ అధ్యాయములో దేవుడు పస్కాను నియమించిన విధానం గమనించండి. గొఱ్ఱెపిల్లను పండుగనాడు తెమ్మనలేదు. నెల పదియవ దినాననే ఇంటికి తెచ్చి పదునాలుగవ దినము వరకు ఉంచుకొమ్మన్నాడు. పల్లెలో పెరిగిన మనకు తెలుసు. ఇంటికి మేకపిల్ల వస్తే పిల్లలు దాన్ని వదిలిపెడతారా? ఆకు వేస్తారు, నీళ్లు పెడతారు, ముద్దుపేరు పెడతారు. ఇక నాలుగోనాడు నాన్నను అడగకుండా ఉంటారా? ఆ ప్రశ్న వస్తుందని దేవునికి ముందే తెలుసు. ఈ ఆచారానికి అర్థమేమిటని పిల్లలు అడిగినప్పుడు ఏమి చెప్పాలో అదే అధ్యాయములో పెద్దలకు నేర్పించాడు. యెహోషువ 4వ అధ్యాయములో యొర్దాను నది నడుమనుండి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టించింది కూడా ఇందుకే. రాళ్లను చూచి పిల్లలు అడగాలి, తండ్రులు చెప్పాలి. కాబట్టి పండుగ సన్నాహమంటే దేవుని దృష్టిలో బిడ్డ నోట ఒక ప్రశ్న పుట్టించడమే. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకొని ముందుకు రండి.

క్రీస్తుశకం 1223. ఇటలీ దేశంలో గ్రెచ్చో అనే కొండపల్లె. అక్కడివారిలో ఎక్కువమంది చదువు రానివారు. ఆరాధన లాటిను భాషలో జరిగేది. అసిసి ఊరి ఫ్రాన్సిస్ అనే దైవజనుడు ఆ సంవత్సరం క్రిస్మసు రాత్రి గుహలో ఒక పశువుల తొట్టి పెట్టించి, గడ్డి పరిపించి, నిజమైన ఎద్దునూ గాడిదనూ కట్టించాడు. ఊరివారు పిల్లాపాపలతో దివిటీలు పట్టుకొని కొండెక్కి వచ్చారు. రక్షకుడు ఎంత పేదరికంలో పుట్టాడో వారికి చెవితో కాక కంటితో తెలిసింది. మన గుడులలో సండే స్కూలు పిల్లలు కట్టే పశువుల పాకకు ఆ రాత్రి ఒక పెద్ద ఆరంభం. అది పూజించడానికి పెట్టింది కాదు, చెప్పడానికి పెట్టింది.

మరి ఆరు వందల సంవత్సరాలు దాటి రండి. జర్మనీలో హాంబర్గ్ నగరం. యోహాన్ హిన్రిక్ విచెర్న్ అనే లూథరన్ బోధకుడు 1833లో ఆ నగరం పక్కన దిక్కులేని పిల్లలకోసం ఒక ఆశ్రమం తెరిచాడు. మురికివాడలలో ఆకలితో తిరిగిన పిల్లలు వారు. డిసెంబరు రాగానే క్రిస్మసు ఎప్పుడయ్యా, ఇంకా ఎన్ని రోజులయ్యా అని ఆయనను రోజూ అడిగేవారట. విసుక్కోలేదు ఆయన. 1839లో ఒక పాత బండిచక్రం తీసుకొని దానిమీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా దినాలకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు. రోజుకొకటి వెలిగించేవారు. వెలుగు రోజురోజుకూ పెరుగుతుంటే పిల్లలు దినాలు లెక్కపెట్టుకున్నారు. నేడు లోకమంతట అనేక గుడులలో వెలిగే ఆగమనకాలపు కొవ్వొత్తులు అనాథ పిల్లల ప్రశ్నకు ఒక బోధకుడు ఇచ్చిన జవాబు.

నక్షత్రం సంగతి చూడండి. అదే జర్మనీలో నీస్కీ అనే ఊరిలో మొరేవియన్ సంఘంవారి బడి ఉండేది. తమ మిషనరీలు దూరదేశాలకు వెళ్లినప్పుడు వారి పిల్లలలో చాలామందిని ఆ సంఘంవారు ఇలాంటి బడులలో ఉంచి చదివించేవారు. 19వ శతాబ్దం తొలి భాగంలో అక్కడి ఉపాధ్యాయులు క్షేత్రగణితం నేర్పడానికి పిల్లలచేత కాగితంతో అనేక కోణాల నక్షత్రం చేయించారు. పాఠం కాస్తా పండుగ అయింది. అమ్మానాన్నలు సముద్రాల అవతల ఉన్న పిల్లలు బేత్లెహేము నక్షత్రాన్ని తమ చేతులతో అంటించి వెలిగించుకున్నారు. మనం వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టే నక్షత్రానికి అది అక్క వరస.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. ఇంగ్లాండు నుండి సి.ఎం.ఎస్. మిషనరీలైన ఫాక్స్, నోబుల్ దొరలు 1841లో మచిలీపట్నం వచ్చారు. చాలాకాలం వారి పని పట్టణాలలోనే సాగింది. మన నందిగామ ప్రాంతానికి సువార్త వచ్చిన దారి వేరు. నందిగామ దగ్గర రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే పెద్దాయన ఉండేవాడు. మాలపల్లెలో పలుకుబడి గలవాడు, చదువు లేనివాడు. చేతితో చేసినవి దేవుళ్లు కావని ఆయనకు తోచింది. అయితే నిజమైన దేవుడెవరో చెప్పేవారు లేరు. ఓ గొప్ప దేవుడా, నీవెవరవో నాకు కనపరచుకొమ్మని ఏండ్ల తరబడి ప్రార్థించాడు. మిషను చరిత్రలు చెప్పే ప్రకారం, కృష్ణా తీరంలో పండుగ జరుగుతున్నప్పుడు ఆయన తనవారితో బెజవాడ వచ్చి, అక్కడ ఒక పాదిరిగారు ఒకే దేవుని గూర్చి బోధిస్తున్నాడని విని, ఆయనను వెదుక్కుంటూ వెళ్లాడు. డార్లింగ్ అనే ఆ మిషనరీ దేవుని ప్రేమను వివరించగానే, ఇన్నాళ్లు నేను వెదకిన దేవుడు ఈయనేనని గుర్తుపట్టాడు. 1859లో బాప్తిస్మము పొందాడు. ఆయన సాక్ష్యం చుట్టాల ఇండ్లలోకి, చుట్టుపక్కల పల్లెలలోకి పాకింది. రాఘవాపురం ఒక మిషను కేంద్రమైంది. మనలో అనేకుల ముత్తాతల విశ్వాసానికి మొదలు అక్కడే ఉంది.

శ్రోతలారా, గమనించారా? పండుగకు బయలుదేరినవాడు, చిన్నపిల్లవానివలె ప్రశ్న పట్టుకొని తిరిగినవాడు, జవాబు చెప్పే మనిషి దొరికినందున రక్షణ పొందాడు. ఆ దినం పాదిరిగారు తీరిక లేదని అంటే ఏమయ్యేది?

ఆ పంటకు మరొక గుర్తు డోర్నకల్‌లో ఉంది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయులలో మొదటి బిషప్పైన వి.ఎస్. అజరయ్యగారు 1912లో అభిషేకం పొంది అక్కడ పరిచర్య చేశారు. ఆయన కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. జ్ఞానులు నక్షత్రాన్ని చూచి శిశువునొద్దకు వచ్చిన సంగతిని జ్ఞాపకం చేసుకునే ఎపిఫనీ పండుగ అది. ఆ దేవాలయానికి ఆ పండుగ పేరే పెట్టారు. మన దేశపు కట్టడాల పోలికలతో దాన్ని కట్టించారు. పిల్లలను తీసుకొనిపోయి చూపించదగిన చోటు. ఖమ్మం దాటితే రైలులో ఎంతో దూరం కాదు.

ఇంతవరకు చరిత్ర చెప్పాను. ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు కేరల్స్ రాత్రి మా నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకొని పొలం గట్లమీద నడిచేవాడు. ముందు పెట్రోమాక్స్ లైటు, వెనక డోలక్కు, తాళాలు. ఆ చలిలో నేను అడిగిన ప్రతిదానికీ ఆయన జవాబు చెప్పేవాడు. దూతలకు చలి వేయదా అని కూడా అడిగానట. నా విశ్వాసానికి పునాది వేదాంత కళాశాలలో పడలేదు, ఆ భుజాలమీద పడింది.

అలాంటి తండ్రికి పుట్టిన నేను కొన్నేళ్ల క్రితం ఏమి చేశానో వినండి. డిసెంబరు ఒకటవ తారీకున మా పాప అడిగింది: “నాన్నా, మన నక్షత్రం ఎప్పుడు కడదాం?” రేపన్నాను. మరునాడు ఒక సెమీ క్రిస్మసు, ఆ మరునాడు ఇంకొకటి. జగ్గయ్యపేటలో ఒకటి, నందిగామలో ఒకటి, పల్లెలలో లెక్కలేనన్ని. ప్రతిచోటా జ్ఞానులను నడిపించిన నక్షత్రాన్ని గూర్చి ప్రసంగించాను. ఇరవై నాలుగో తారీకు రాత్రి ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. వరండాలో చాపమీద పాప నిద్రపోతోంది. పక్కన వెదురు బద్దలు, ఎర్ర కాగితం, గిన్నెలో ఎండిపోయిన మైదా జిగురు. ఒక కోణం తానే కట్టుకొని, మిగతా నాలుగు నాకోసం ఉంచింది. నా భార్య ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు బరువైంది. ఊరంతటికీ నక్షత్రం చూపించిన అయ్యగారి ఇల్లు ఆ రాత్రి చీకటిగా ఉంది.

లూకా సువార్త 2వ అధ్యాయములో యోసేపు మరియలకు జరిగింది అప్పుడు నాకు గుర్తొచ్చింది. పస్కా పండుగకు పన్నెండేండ్ల యేసును వెంటబెట్టుకొని వెళ్లారు. మంచి తల్లిదండ్రులు, ఏటేటా పండుగకు వెళ్లే భక్తులు. అయినా తిరుగు ప్రయాణంలో బిడ్డ చుట్టాల గుంపులో ఉన్నాడులే అనుకొని ఒక దినమంత దూరం నడిచిపోయారు. మనమూ అంతే అనుకుంటున్నాము. బిడ్డ సండే స్కూలులో ఉన్నాడులే, నాటకంలో ఉన్నాడులే, ఫోను చూసుకుంటున్నాడులే. మూడు దినాల తరువాత యేసు వారికి ఎక్కడ దొరికాడు? దేవాలయములో, బోధకుల నడుమ, వింటూ, ప్రశ్నలు అడుగుతూ! పిల్లలు ప్రశ్నలు అడగడం మానరు. జవాబు చెప్పే స్థలంలో మనం లేకపోతే మరెవరో ఉంటారు.

మా సండే స్కూలులో ఒకసారి క్రిస్మసు తాత ఎవరని అడిగితే చేతులన్నీ లేచాయి. పగోలు వెంకయ్య ఎవరని అడిగితే వెనక కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రమే చెయ్యెత్తింది. తప్పు పిల్లలది కాదు. వారికి మనం ఆ పేరు చెప్పలేదు.

ఆ సంవత్సరం నుండి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. క్రిస్మసుకు ముందు వారానికొక సాయంత్రం పిల్లలది. ఆ సాయంత్రం ఎవరు పిలిచినా కూటానికి వెళ్లను. మీరు కూడా చేయగలిగినవే చెబుతాను, ఖర్చు పెద్దగా లేదు.

మొదటి వారం నక్షత్రం. కొన్నది వద్దు, కట్టినది కావాలి. వంకర వచ్చినా సరే. కడుతూ జ్ఞానుల ప్రయాణం చెప్పండి. రెండవ వారం ఒక చిన్న ప్రయాణం. ఆటో కట్టించుకొని రాఘవాపురం తీసుకువెళ్లి, మన పెద్దలు ఇక్కడినుండి వెలుగు పొందారని చూపించండి. విజయవాడ వెళ్లే పని ఉంటే దారిలో కొండపల్లి దగ్గర ఆగండి. తెల్లపొణికి చెక్కతో చేసిన ఎడ్లబండి ఒకటి కొని, ఇంట్లో పిల్లలు కట్టే పాక ముందు పెట్టనివ్వండి. మూడవ వారం కేరల్స్. కానుక ఇవ్వలేని ఇంటికి మొదట వెళ్లండి, మంచంపట్టినవారి దగ్గర ఒక పాట పాడించండి. ఎందుకు వచ్చామని మీ బిడ్డ అడుగుతుంది. జవాబు చెప్పండి. నాలుగవ వారం బట్టల కొనుగోలు. మీ బిడ్డ చేతనే పత్తి చేలో పనిచేసే మరొక బిడ్డకు ఒక చొక్కా ఎంపిక చేయించండి.

తండ్రి లారీమీద దూరం వెళ్లిన ఇండ్లున్నాయి. తండ్రి లేని ఇండ్లూ ఉన్నాయి. అమ్మలారా, అమ్మమ్మలారా, నానమ్మలారా, అధైర్యపడవద్దు. తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వ లోయిలోనూ తల్లి యునీకేలోనూ ఉన్నదని పౌలు గుర్తుచేశాడు. మీ ఒడి చాలు.

ప్రియులారా, యోసేపు మరియలు బిడ్డ లేడని తెలియగానే ముందుకు నడవలేదు, వెనక్కు తిరిగారు. ఒక దినమంత దూరం వచ్చేసినవారు ఎవరైనా ఉంటే ఈ రాత్రే వెనక్కు తిరగండి. మీ ఇంట్లో ఒక నక్షత్రానికి ఇంకా నాలుగు కోణాలు మిగిలి ఉన్నాయి.

ప్రార్థన చేద్దాము. మా పరలోకపు తండ్రీ, నీ కుమారుని చిన్న శిశువుగా మా మధ్యకు పంపినందుకు స్తోత్రములు. మా పిల్లల ప్రశ్నలు వినే చెవులను, జవాబు చెప్పే తీరికను, సత్యము పలికే నోటిని మాకు దయచేయుము. దిక్కులేని బిడ్డలను మా ద్వారా జ్ఞాపకము చేసికొనుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.