గాలానికి చిక్కిన చెయ్యి

2004 సెప్టెంబరు 30, ఉదయం 9.15. టోక్యోకి దక్షిణాన వెయ్యి కిలోమీటర్ల అవతల, ఒగసవారా దీవుల దగ్గర. నీళ్లలో 900 మీటర్ల లోతున, కాటుక చీకట్లో ఓ కెమెరా వేలాడుతోంది. ముప్ఫై సెకన్లకోసారి ఫ్లాష్ మెరుస్తోంది. కింద గాలాలకు ఎరగా చిన్న స్క్విడ్‌లు, పక్కనే వాసన కోసం నలగ్గొట్టిన రొయ్యలు.

కెమెరా దింపిన పరిశోధకులు త్సునేమి కుబొదేరా, క్యోయిచి మోరీ ఈ చోటు ఊరికే ఎంచుకోలేదు. రాక్షస స్క్విడ్‌ని తినే స్పెర్మ్ తిమింగలాలు ఇక్కడికే వస్తాయి. తినేవాడు ఎక్కడ తిరుగుతుంటే తిండీ అక్కడే ఉంటుంది కదా!

ఫ్లాష్ మెరిసింది. ఎర ఒంటరిగా లేదు. ఎనిమిది మీటర్ల పైచిలుకు రాక్షస స్క్విడ్ అడ్డంగా దూసుకొచ్చి, రెండు పొడవాటి చేతుల్నీ కొండచిలువ చుట్టల్లా ఎర చుట్టూ ముద్దగా బిగించింది. అంతవరకూ చాలామంది శాస్త్రవేత్తలు దాన్ని ఒట్టి బద్ధకిష్టి అనుకున్నారు. నీళ్లలో తేలుతూ, చేతులు వేలాడేసుకుని, తగిలిందే తింటుందని. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల్ని చూసి ఎవరి నడకైనా ఎలా చెప్తారు?

పట్టడం ఒక ఎత్తు, మింగడం ఒక ఎత్తు. చేతుల నడుమ చిలక ముక్కులాంటి ముక్కుంటుంది. అది కొరికిన ముక్కని అరంలాంటి నాలుక ఇంకా తురుముతుంది. ఈ ఓపిక దేనికంటే, దాని మెదడు చిల్లుగారెలా ఉంటుంది, అన్నవాహిక ఆ చిల్లులోంచే పోతుంది. ఆబగా మింగితే మెదడుకే ఎసరు! ఇంతలా తురుముతుంది కాబట్టే కడుపు కోసి చూసినా తిన్నది చేపో, మరో స్క్విడ్డో ఆనవాలు పట్టడం కష్టం.

ఆ రోజు మాత్రం దానికి తిండి దక్కలేదు. ఒక చెయ్యి గాలానికి చిక్కుకుంది. లాగింది, పెనుగులాడింది, కెమెరాతో సహా తాడుని పైకి ఈడ్చుకుపోయింది. నాలుగు గంటలు దాటాయి. 550కి పైగా ఫొటోలు పడ్డాయి. చివరికి చెయ్యే తెగింది, అది చీకట్లోకి జారుకుంది.

పడవ మీదికి వచ్చింది అయిదున్నర మీటర్ల చెయ్యి. తెగినా ప్రాణం పోలేదు. పళ్ల అంచులున్న చూషకాలు పడవ బల్లని పట్టుకుంటున్నాయి, వదులుతున్నాయి, మళ్లీ పట్టుకుంటున్నాయి. వేలు అందిస్తే వేలినీ పట్టుకున్నాయి.