మెట్ట ఊళ్ళలో ఎయిడ్స్ కాలం

నెల్లూరు అనగానే ఎవరికైనా పెన్న కింది వరిమళ్ళు, మొలగొలుకులు గుర్తుకు వస్తాయి. జిల్లాకు పడమట, వెలిగొండల అంచున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల సంగతి వేరు. సోమశిల నీరు ఆత్మకూరు వైపు కొంత నేలను తడిపినా, ఉదయగిరి మెట్టకు వానే ఆధారం. వాన ముఖం చాటేసిన ఏడు మగవాళ్ళు మద్రాసుకో బెంగుళూరుకో పనులకు పోవడం, లారీలెక్కడం ఇక్కడ పాత సంగతే. ఎయిడ్స్ ఈ సీమను ఎలా తాకిందో తెలియాలంటే ఈ వలసల నుండే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

మన దేశంలో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడింది 1986లో, మద్రాసులోనే. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె వద్ద పనిచేసిన నిర్మల కలిసి దానిని కనుగొన్నారు. నెల్లూరు నుండి ఆ నగరం రైలులో మూడు గంటల దూరం. ఈ వైరస్ రక్తంలోని సిడి4 కణాలను కొద్దికొద్దిగా నాశనం చేస్తుంది. మందు లేకపోతే ఎనిమిది, పదేళ్ళకు గాని జబ్బు పైకి కనిపించదు. కనిపించినప్పుడు మన దేశంలో తరచుగా క్షయ రూపంలో వస్తుంది. అంటే తొంభైల ఆరంభంలో సోకినవారు 2000 ప్రాంతంలో మంచం పట్టారు. ఈలోగా ఎవరికీ తెలియకుండానే అది భార్యకు, ఆమె నుండి బిడ్డకు చేరగలదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటి సగటు 0.28 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం.

ఆర్థికంగా ఈ జబ్బు దెబ్బ కొట్టే తీరు కరవుకంటే భిన్నమైనది. కరవులో గొడ్లను అమ్ముకున్నా, చేతుల్లో సత్తువ మిగులుతుంది. ఇది సంపాదించే వయసువాడినే పడగొడుతుంది. ముందు బంగారం, తరువాత జీవాలు, చివరకు చేను వైద్యానికి పోతాయి. మనిషీ మిగలడు. అప్పు మాత్రం భార్య పేర మిగులుతుంది. మొగుణ్ణి మింగిందన్న నింద కూడా ఆమెదే. పిల్లలు అవ్వాతాతల పాలవుతారు.

అప్పటికి మందు లేక కాదు. 1996 నాటికే మూడు మందుల చికిత్స వచ్చింది. 2001లో సిప్లా సంస్థ, స్వచ్ఛంద వైద్యసేవకు ఏడాది మందులను 350 డాలర్లకే ఇస్తానని ప్రకటించింది. ఆనాటి లెక్కలో సుమారు 16 వేల రూపాయలు. ప్రపంచం ఆశ్చర్యపోయిన ఆ చౌకధర కూడా మెట్టరైతుకు అందనిదే. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత చికిత్సను మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తంలో 8 ఆస్పత్రులే. ఉమ్మడి రాష్ట్రానికి హైదరాబాదులోని ఉస్మానియా ఒక్కటే. నెల్లూరువారికి తాంబరమే దగ్గర.

నన్ను వేధించే ప్రశ్న మరొకటి ఉంది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలోనే 1991-92లో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. మొగుళ్ళ తాగుడును రచ్చబండకు ఈడ్చిన ఆ తల్లులు ఈ జబ్బు గురించి ఎందుకు నోరు విప్పలేకపోయారు? నాకు తోచిన జవాబు ఇది. సారా బాధ అందరి ఇళ్ళలోనూ ఉన్నదని అందరికీ తెలుసు, చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. ఎయిడ్స్ బాధ తన ఇంటిదొక్కటే అనిపిస్తుంది. పక్కింటిలోనూ ఉండవచ్చునని తెలిసే దారి లేదు. చెబితే ఊరు వెలివేస్తుంది. ఒంటరిగా ఉన్నవారు ఉద్యమం చేయలేరు.

2017 నుండి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలిన ప్రతివారికీ ఉచితంగా మందులు ఇస్తున్నారు. క్రమంగా వాడి, వైరస్‌ను పరీక్షకు అందనంతగా అణచినవారి నుండి లైంగికంగా అది ఇతరులకు సోకదు. వివక్షను నిషేధించే చట్టం 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. కాని మందు ఒంటిని కాపాడినంత సులభంగా, చట్టం ఒక విధవరాలిని అత్తవారింట నిలబెట్టలేదు. ఈ సీమ చరిత్ర రాసేవారు దూబగుంట విజయం పక్కనే, ఎవరికీ చెప్పుకోలేక పోయిన ఆ స్త్రీల కథనూ రాయాలి.