పసిపిల్లల కడుపునొప్పి (కోలిక్)

పసిపిల్లల కడుపునొప్పి లేదా కోలిక్ అనునది ఆరోగ్యంగా ఉండి, పాలు చక్కగా త్రాగుతూ, బరువు పెరుగుతున్న శిశువు స్పష్టమైన కారణమేదీ లేకుండా గంటల తరబడి ఏడ్చే స్థితి. వాడుకలో దీనిని కడుపునొప్పి అంటున్నప్పటికీ, బాధ కడుపులోనే పుడుతుందని నిరూపణ కాలేదు. సుమారు ప్రతి ఐదుగురు శిశువులలో ఒకరికి ఇది వస్తుంది. ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. అయితే కొన్ని ప్రమాదకరమైన వ్యాధులు కూడా మొదట ఏడుపుగానే బయటపడతాయి. కావున కోలిక్‌ను గుర్తించుటకు ముందు ఆ వ్యాధుల లక్షణాలు లేవని చూచుకొనవలెను.

నిర్వచనం

1954లో అమెరికా శిశువైద్యుడు మోరిస్ వెసెల్, ఆయన సహచరులు దీనికి "మూడు"ల సూత్రమును ప్రతిపాదించారు. దాని ప్రకారం రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలకు పైగా ఏడ్చినచో అది కోలిక్. 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాలు ఈ గంటల లెక్కను సడలించాయి. వీటి ప్రకారం 5 నెలల లోపు శిశువు కారణం తెలియకుండా పదే పదే చాలాసేపు ఏడుస్తూ, ఓదార్చినా ఊరుకోక, జ్వరము గాని, వ్యాధి గాని, ఎదుగుదల లోపము గాని లేకుండా ఉంటే కోలిక్‌గా పరిగణిస్తారు.

లక్షణాలు

* సాధారణంగా 2 లేదా 3 వారాల వయస్సులో మొదలై, 6 వారాలకు ఎక్కువై, 3 నుండి 4 నెలలకు తగ్గిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఈ లెక్కను ప్రసవం కావలసిన తేదీ నుండి వేయాలి.
* ఏడుపు ఎక్కువగా సాయంత్రం, రాత్రి వేళలలో వస్తుంది.
* ముఖం ఎర్రబడుతుంది, పిడికిళ్ళు బిగుస్తాయి, కాళ్ళు పొట్ట వైపు ముడుచుకుంటాయి.
* ఏడుపు ఆగిన తరువాత శిశువు మామూలుగా ఉంటుంది, పాలు త్రాగుతుంది. ఇది అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు.

పుట్టిన మొదటి రోజులలోని విపరీతమైన ఏడుపును, నాలుగు నెలలు దాటాక కొత్తగా మొదలైన ఏడుపును కోలిక్ అని భావించరాదు.

ప్రమాద సూచనలు

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

* మూడు నెలల లోపు శిశువుకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 డిగ్రీల సెల్సియస్) లేదా అంతకు మించిన జ్వరం, లేదా ఒళ్ళు చల్లబడుట
* పాలు త్రాగకపోవుట, మగతగా పడియుండుట, ఏడుపు నీరసంగా మూలుగువలె ఉండుట
* ఆకుపచ్చని వాంతి (పేగు మెలిపడినచో ఇట్లు కావచ్చును)
* మలంలో రక్తం, పొట్ట ఉబ్బి గట్టిపడుట
* గజ్జలలో గాని, వృషణాల వద్ద గాని గట్టి వాపు
* మాడు ఉబ్బుట, మూర్ఛ
* నిమిషానికి 60 లేదా అంతకు మించిన శ్వాసలు, డొక్కలు ఎగురవేయుట

కాలి వేళ్ళకు వెంట్రుక గాని, దారం గాని చుట్టుకొన్నా శిశువు ఆపకుండా ఏడుస్తుంది. కావున బట్టలు విప్పి ఒళ్ళంతా పరిశీలించాలి.

ఉపశమనం

ముందుగా ఆకలి, తడి బట్టలు, ఉక్కపోత కారణమేమో చూడాలి. పాలు ఇచ్చిన తరువాత భుజంపై వేసుకొని త్రేన్పు తెప్పించుట, ఎత్తుకొని తిప్పుట, జోకొట్టుట మేలు చేయవచ్చును. ఎంత విసుగు కలిగినా శిశువును పట్టి గట్టిగా కుదపరాదు. దీనివలన మెదడులో రక్తస్రావమై ప్రాణాపాయం కలుగుతుంది. ఓపిక నశించినప్పుడు బిడ్డను పక్కపై వెల్లకిల పడుకోబెట్టి ఇంకొకరికి అప్పగించాలి. లేదా కొద్ది నిమిషాలు ప్రక్కకు వెళ్ళి రావాలి.

1851లో ఇంగ్లాండులో విలియం వుడ్‌వర్డ్ తయారు చేసిన గ్రైప్ వాటర్ తెలుగు ఇళ్ళలో ప్రసిద్ధము. కాని దీనివలన కోలిక్ తగ్గుతుందనుటకు సరైన ఆధారం లేదు. డైసైక్లోమైన్ చుక్కలు శ్వాసకు ప్రమాదము కనుక ఆరు నెలల లోపు శిశువులకు ఇవ్వరాదు. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని వైద్యుల సలహా. కావున వాము నీళ్ళు, వస, ఆముదం, తేనె పోయరాదు. పొట్టపై వాతలు పెట్టుట వలన పుండ్లు పడి, చీము చేరి, ప్రాణం మీదికి రావచ్చును. బాలింతకు కఠినమైన పథ్యం పెట్టినంత మాత్రాన శిశువు ఏడుపు తగ్గదు.

గ్రామీణ ప్రాంతాలలో

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణానది ఒడ్డున ఉన్న సోమశిల వంటి గ్రామాలలో రాత్రివేళ శిశువును ఆసుపత్రికి చేర్చుటకు ప్రయాణం తప్పదు. కోలిక్ ఏడుపు కూడా ఆ వేళకే ఎక్కువగా వస్తుంది గనుక, పై సూచనలు ఇంటివారికి ముందే తెలిసి ఉండాలి. 2011 నుండి అమలులో ఉన్న గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం క్రింద ఆసుపత్రిలో పుట్టిన శిశువును ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి చూడాలి. చివరి సందర్శన ఏడుపు ఎక్కువయ్యే ఆరవ వారంలోనే వస్తుంది. అప్పుడు బరువు తూచి చూస్తే శిశువు సరిగా ఎదుగుతున్నదో లేదో తెలుస్తుంది. అత్యవసర పరిస్థితిలో 108 అంబులెన్సును పిలవవచ్చును. ఈ సేవ 2005లో ప్రారంభమైనది.