ఉమ్మనీటి పరీక్ష: ఒక సూది చరిత్ర

గర్భిణికి ఉమ్మనీరు మితిమీరి చేరితే పొట్ట బిగిసిపోతుంది, ఆయాసం కలుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలోనే కొందరు వైద్యులు పొట్టగుండా సూది గుచ్చి ఆ నీటిని తీసి, తల్లికి ఉపశమనం కలిగించారు. ఆ నీటిలోని కణాలు శిశువు జన్యువులను చెప్పగలవని అప్పటికి ఎవరూ ఎరుగరు.

1956లో కోపెన్‌హాగెన్ వైద్యులు ఫుక్స్, రీస్ ఆ కణాలను పరిశీలించి గర్భస్థ శిశువు ఆడో మగో నిర్ధారించారు. హీమోఫీలియా వంటి వ్యాధులున్న కుటుంబాలకు ఇది అక్కరకు వచ్చింది. 1966లో అమెరికాలో స్టీల్, బ్రెగ్ ఆ కణాలను పెంచి క్రోమోజోములను పరిశీలించారు. మరి రెండేళ్లకే డౌన్ సిండ్రోమ్‌ను పుట్టుకకు ముందే గుర్తించారు.

1970లలో మన దేశానికి వచ్చిన ఈ పరీక్ష ఆడశిశువుల పాలిట శాపమైంది. అందుకే 1994లో చట్టం చేసి, 1996 నుంచి అమలుపరచారు. అది నిషేధించినది లింగనిర్ధారణను. వ్యాధి నిర్ధారణను కాదు. ఈ భేదం తెలియక కొందరు అవసరమైన పరీక్షకూ జంకుతారు.

శిశువు ఉమ్మనీటిని నిత్యం మింగుతుంది. చిన్నపేగు మొదట్లో అడ్డు ఉంటే నీరు పేరుకుంటుంది. అటువంటి శిశువుల్లో సుమారు మూడింట ఒక వంతు మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. అయితే నీరు కొద్దిగా పెరిగిన తల్లుల్లో అత్యధికులకు కారణమే కనిపించదు. కనుక మొదట మధుమేహ పరీక్ష, సమగ్రమైన స్కానింగు చేయించుకోవాలి. శిశువులో లోపం కనబడినా, నీరు మరీ అధికమైనా జన్యు పరీక్ష గురించి వైద్యుని అడగండి. ఆడా మగా అని మాత్రం అడగకండి.