ఎస్మా వచ్చిన మధ్యాహ్నం

2024 జనవరి 6. తహసీల్దారు ఆఫీసు ఎదుట వేసిన టెంటులో సమ్మె ఇరవై ఆరో రోజుకు చేరింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆయా బియ్యం కడుగుతుంటే పక్కనే కూర్చున్న టీచరు ఫోనులో వచ్చిన జీవో చదువుతోంది. అంగన్‌వాడీలను అత్యవసర సర్వీసుల్లో చేర్చారు. ఆరు నెలలపాటు సమ్మె నిషేధం.

"ఎస్మా అంటే ఏంటి టీచరమ్మా?"

"సమ్మె మానకపోతే కేసులు పెడతారంట పిన్నీ. తీసేసినా తీసేస్తారంట."

"అదేంటి, మనది ఉద్యోగమే కాదంటారుగా!"

ఈ ఇద్దరూ ఏ ఒక్క ఊరి మనుషులూ కారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చలికాలం రోడ్డెక్కిన దాదాపు లక్షమంది టీచర్లు, ఆయాల బతుకుల్లోంచి కూర్చిన పాత్రలు. మాటలు మావి. తేదీలు, అంకెలు, ఉత్తర్వులు జరిగినవే.

ఆయా అడిగినదాంట్లో తప్పేముంది? 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైననాటి నుంచి వీళ్లను ఉద్యోగులుగా ఎవరూ లెక్కగట్టలేదు. సేవ చేయడానికి ముందుకొచ్చిన ఆడవాళ్లన్నారు, ఇచ్చేది గౌరవ వేతనమన్నారు. వీళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సర్వీసు!

ఆ సేవ ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. మూడేళ్ల పిల్ల ఒకతి గుడ్డు ముట్టదు. ఆయా పెంకు వలిచి, పచ్చసొనను పప్పన్నంలో మెదిపి, ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద అంటూ నోట్లో పెడుతుంది. నెలాఖరున టీచరు ఆ పిల్లను తూకం వేస్తే గ్రోత్ చార్టులో చుక్క పసుపు రంగులోంచి ఆకుపచ్చలోకి జరిగిందంటే, అది ఆ ముద్దల పుణ్యమే. మధ్యలో గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, రిజిస్టర్లు రాయాలి, అవే వివరాలు యాప్‌లోనూ ఎక్కించాలి. ముఖ హాజరు యాప్ తీసేయాలన్నది సమ్మె డిమాండ్లలో ఒకటి.

ఇంత చేస్తే అప్పట్లో టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. కేంద్ర ప్రభుత్వ లెక్కలో టీచరు విలువ 4,500 రూపాయలు. 2018 అక్టోబర్ నుంచి సమ్మె నాటికీ అది కదల్లేదు, అందులోనూ కేంద్రం వాటా నూటికి అరవై. పక్కన తెలంగాణలో అప్పటికే టీచరుకు 13,650. తెలంగాణ కన్నా వెయ్యి ఎక్కువిస్తామన్న అప్పటి ముఖ్యమంత్రి ఎన్నికల హామీని వీళ్లు మరచిపోలేదు. సమ్మెలో వీళ్లు అడిగింది 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ. ఆ గ్రాట్యుటీకి వీళ్లు అర్హులని 2022 ఏప్రిల్ 25నే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోర్టు ఇవ్వమన్నదాని కోసం కూడా టెంటు వేయాల్సి వచ్చిందంటే ఆ తప్పు ఎవరిది?

డిసెంబర్ 12న సమ్మె మొదలైన కొద్ది రోజులకే గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో అంగన్‌వాడీ కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. టీచరు కేంద్రం తాళమూ పోయింది.

"లోపల పిల్లలెవరూ లేరంట. గుడ్ల ట్రేలు లెక్కపెట్టి వెళ్లారంట," అంది టీచరు.

"ఆ పిల్ల ఏం తింటోందో ఏమో," అంది ఆయా. ఆ నెల వేతనంలో కోత పడ్డ సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. అయినా ముందు నోటికొచ్చింది ఆ పిల్ల మాటే.

డిమాండ్లకు మద్దతుగా సేకరించిన సంతకాలు కోటి పోగయ్యాయి. వాటిని ముఖ్యమంత్రికి ఇవ్వడానికి జనవరి 22న విజయవాడ బయలుదేరాలనుకున్నారు. ముందురోజు అర్ధరాత్రి దాటాక పోలీసులు అక్కడి దీక్షా శిబిరాన్ని ఎత్తేశారు. మరోవైపు తొలగింపు ఉత్తర్వులు. జనవరి 22 రాత్రే మంత్రులతో చర్చలు, ఒప్పందం. నలభై రెండు రోజులకు సమ్మె ముగిసింది. రిటైరయ్యేటప్పుడు టీచరుకిచ్చే సొమ్ము 50 వేల నుంచి 1.20 లక్షలకు పెంచుతామన్నారు. కేసులు ఎత్తేస్తామన్నారు. జీతాల పెంపు జూలైలో అన్నారు.

మర్నాడు కేంద్రం తెరుచుకుంది. జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలై కూడా గడిచిపోయింది. అప్పటికీ టీచరుకు 11,500, ఆయాకు 7,000.