ఎగువకు గోడ, దిగువకు సముద్రం

చలికోటు తీసెయ్యండి. పాత రగ్బీ చొక్కా, మందపాటి జీన్సు, గట్టి బూట్లు చాలు. ప్యాంటు అంచుల్ని బూట్లతో కలిపి టేపుతో బిగించండి, తొక్కిసలాటలో ఎవరి కాలికీ చిక్కకుండా. ఉంగరం ఉంటే ఇంట్లో పెట్టి రండి. వేలు దక్కుతుంది.

ఇవాళ క్రిస్మస్. మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. స్కాట్లండు ఉత్తరపు కొస దాటాక సముద్రంలో ఉన్న ఆర్క్నీ దీవుల్లో, కిర్క్‌వాల్‌లో ఉన్నారు మీరు. పొద్దు తొమ్మిది దాటాక పొడిచింది, మూడుంబావుకల్లా కుంగిపోతుంది. ఊరి జనాభా పది వేలకు అటూ ఇటూ. అయినా పెద్ద చర్చి ఉంది గనక దీన్ని నగరమనే చెప్పుకుంటారు. విక్టోరియా వీధి వెంట నడుస్తుంటే దుకాణాల అద్దాల ముందు పొడవాటి దూలాలు అడ్డంగా బిగించి కనిపిస్తాయి. తుఫాను హెచ్చరికేమీ లేదు. ఆ దూలాలు మీ కోసమే. మీలాంటి వందల మంది బరువు ఆ అద్దాల మీద పడకుండా కట్టిన కాపు అది. వీధుల్లో ఒక్క కారూ లేదు.

మీ చుట్టూ నడుస్తున్నవాళ్ళందరూ ఎగువ పేటవాళ్ళు. అక్కడి మాటల్లో అప్పీలు. ఎదురుగా ఆల్బర్ట్ వీధి వైపు నుంచి రేవు దగ్గరి దిగువవాళ్ళు, డూనీలు, వస్తున్నారు. వాళ్ళూ ఇలాగే, మాట్లాడకుండా, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని. వెనక బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

మీరు ఎగువ జట్టులోకి ఎలా వచ్చారు? ఎవరూ మిమ్మల్ని అడగలేదు. ఈ ఊరికి మొదటిసారి ఎటునుంచి అడుగుపెట్టారో అదే మీ జట్టు. మీరు ఉద్యోగానికి విమానంలో వచ్చారు, విమానాశ్రయం దారి ఎగువ నుంచి ఊళ్ళోకి వస్తుంది. ఓడలో వచ్చి రేవులో దిగి ఉంటే ఈపాటికి ఎదుటి గుంపులో ఉండేవారు. ఇక మార్చుకునే వీలు లేదు.

మీ పక్కింటాయన కథ ఇంకా చిత్రం. ఆయన ఉండేది ఎగువ పేటలో, జట్టేమో దిగువ. ఒకప్పుడు పోస్టాఫీసు సందుకు ఇటు పుట్టినవాడు ఎగువ, అటు పుట్టినవాడు దిగువ. తర్వాత కాన్పులన్నీ ఆసుపత్రికి చేరాయి. ఆసుపత్రి ఉన్నది ఎగువ వైపు. ఆ లెక్కన పోతే దిగువకు ఒక్కడూ మిగలడు. అందుకే ఇప్పుడు తండ్రి, తాత ఎటు ఆడితే కొడుకూ అటే. పొద్దున పదిన్నరకు జరిగిన పిల్లల ఆటలో ఆయన కొడుకు కూడా దిగువకే ఆడాడు. అప్పుడే ఆయన మీ చెయ్యి పట్టుకుని చెప్పాడు: "లోపల చేతులు పైకే ఉంచు. ఒకసారి దించావంటే మళ్ళీ పైకి రావు." మీకు ఎదురు నిలబడబోయే మనిషి ఇచ్చిన సలహా అది. గుర్తుపెట్టుకోండి.

బ్రాడ్ వీధి వచ్చింది. ఎదురుగా సెయింట్ మాగ్నస్ చర్చి, 1137లో కట్టడం మొదలుపెట్టిన ఎర్రరాతి గోడలు. దాని ముందు రాతి శిలువ స్తంభం. రెండు గుంపులూ దాని కింద కలిసిపోతాయి. ఎవరు ఎటువాళ్ళో చెప్పే రంగు చొక్కాలు లేవు. పుట్టినప్పటి నుంచీ ఒకరినొకరు ఎరిగిన ఊరికి రంగులు దేనికి? మీకు తెలియకపోతే పక్కవాణ్ణి చూసి తోయండి, అంతే.

స్తంభం మెట్ల మీద ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో బంతి, ఆర్క్నీ మాటలో 'బా'. గోధుమ, నలుపు తోలు పట్టీలు కలిపి చేత్తో కుట్టినది. లోపల గాలి లేదు, బెండు ముక్కలు కూరారు. బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. తల మీద పడితే తెలుస్తుంది.

ఇదంతా ఎప్పుడు మొదలైందని అడిగితే ఇక్కడివాళ్ళు ఒక కథ చెబుతారు. టస్కర్ అనే దుర్మార్గుడి తల నరికి, గుర్రం జీనుకు కట్టుకుని ఒక కుర్రాడు వస్తుంటే, ఆ తల పంటి గాటు కాలికి తగిలి విషమెక్కిందట. కుర్రాడు ఈ స్తంభం దాకా వచ్చి, తలను జనంలోకి విసిరి ప్రాణం వదిలాడట. కోపంతో జనం దాన్ని వీధుల వెంట తన్నారట. కథ కథే. కానీ ఊరు రెండుగా ఉండడం మాత్రం నిజం. పూర్వం ఎగువ భాగం బిషప్పుది, దిగువ భాగం రాజుది. ఆట ఇప్పటి రూపానికి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం నడుమన, 1850 ప్రాంతంలో.

దిగువవాళ్ళకు గమ్యం సముద్రం. బంతి రేవు నీళ్ళలో పడాలి. మీకు గమ్యం గోడ. ఊరి దక్షిణాన మెకిన్సన్ మూల ఇంటి గోడకు బంతి తగలాలి. మధ్యలో నియమాలు లేవు, రెఫరీ లేడు, గడువు లేదు. కొన్ని ఆటలు నిమిషాల్లో ముగిశాయి. కొన్ని గంటలకు గంటలు నడిచాయి.

చర్చి గడియారం ఒంటిగంట కొట్టింది.

బంతి లేచింది. వందల చేతులు లేచాయి. మీ చేతులూ లేచాయి. బంతి ఎవరి వేళ్ళలోనో చిక్కి కిందికి పోయింది. ఇక కనిపించదు.

ఇప్పుడు మీకున్న పని ఒకటే. ముందున్నవాడి వీపుకు ఛాతీ ఆనించి తొయ్యడం. మీ వీపును వెనకవాడు తోస్తున్నాడు. మొదట ఉత్సాహంగానే ఉంటుంది. పావుగంటకు కాళ్ళు వణుకుతాయి. అరగంటకు గుంపు ఎంత కదిలిందా అని చూస్తే ఉన్నచోటే ఉంది. మూడు వందల మంది ఒంటి వేడి ఆ చలిగాలిలోకి, ఇడ్లీ కుండ మూత తీసినట్టు, ఆవిరై లేస్తోంది. ఎవరి చెమటో మీ కంట్లో పడుతోంది. గుంపు అంచున ఆడవాళ్ళు తలల మీదుగా నీళ్ళ సీసాలు అందిస్తున్నారు, ఎటు తొయ్యాలో గొంతెత్తి చెబుతున్నారు. 1945 క్రిస్మస్‌కీ 1946 జనవరి ఒకటికీ ఆడవాళ్ళ ఆట కూడా జరిగింది. ఆ రెండింటితో ఆపేశారు. ఆపకుండా ఉండాల్సింది.

సీసా మీ దగ్గరికి వచ్చింది. తాగి పక్కకు ఇవ్వండి. పక్కనున్నది దిగువవాడు. అయినా ఇవ్వండి. ఆయన ఒక గుక్క తాగి, తల ఊపి, మళ్ళీ మిమ్మల్నే తోస్తాడు.

ఉన్నట్టుండి గుంపు ఒరిగింది. ఎగువవాళ్ళు అదను చూసి మెలితిప్పారు. గుంపంతా టాంకర్నెస్ సందు వైపు జరుగుతోంది. చూస్తున్న జనం పిల్లల్ని ఎత్తుకుని పరుగెడుతున్నారు. ఇది మీకు మంచిదే. ఈ సందు దాటితే జంక్షన్ రోడ్డు. ఆ రోడ్డు పట్టుకుంటే గోడకు దారి దొరికినట్టే.

కానీ సందు ఇరుకు.

మీరు అంచున ఉన్నారు. బయటికి తప్పుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు.

వెయ్యలేదు. సందు మింగేసింది.

కుడి భుజానికి రాతిగోడ. ఎడమకు ఎవరిదో మోచెయ్యి. నేల కాళ్ళకు తగలడం లేదు. గుంపే మోస్తోంది. చేతులు పైనే ఉన్నాయి. దించకండి. మీ ముఖం ఎవరి వీపులోనో కూరుకుపోయింది. తడి ఉన్ని వాసన. ఊపిరి బయటికి పోయింది. లోపలికి రావడం లేదు. పక్కటెముక దగ్గర ఏదో కటుక్కుమంది. మీదేనా? తెలియదు. అరవాలి. గాలి లేదు.

కింద మెత్తగా తగిలింది. కాలు పెట్టబోయి ఆగారు. చొక్కా. భుజం. మనిషి.

"మనిషి పడ్డాడు!"

ఆ కేక ముందు ఎవరు వేశారో తెలియదు. ఒక నోటి నుంచి పది నోళ్ళకు పాకింది. తోపు ఆగింది. మూడు వందల మంది ఒక్క క్షణంలో. ఎదురుగా ఇప్పటిదాకా మీ ఛాతీని పిండుతున్న దిగువవాళ్ళే ముందుగా వెనక్కి తగ్గారు. గాలి వచ్చింది. పీల్చండి.

పడినవాడు ఎగువ కుర్రాడు. ఇద్దరు వంగి చంకల కింద చేతులు వేసి లేపారు. ఒకరు ఎగువ, ఒకరు దిగువ. ఆ దిగువ మనిషి మీ పక్కింటాయనే. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది. కుర్రాడి బుగ్గ మీద తట్టి, కళ్ళలోకి చూసి, తలల మీదుగా బయటికి దాటించారు. అవతల అంబులెన్సువాళ్ళు అందుకున్నారు. ఈ ఆటలో ఎముకలు విరుగుతాయి. ఆ సంగతి ఇక్కడ ఎవరూ దాచరు. నియమాల పుస్తకం లేని ఈ ఆట ఇన్ని తరాలుగా బతికి ఉందంటే కారణం ఈ ఆగడమే. దీన్ని వట్టి మొరటుతనం అనేవాళ్ళు ఈ సందులో ఈ అర నిమిషం నిలబడి చూడాలి.

పక్కింటాయన మీ వైపు చూశాడు. నవ్వలేదు. మళ్ళీ భుజం దించాడు.

తోపు మొదలైంది.

సందు చివర వెలుతురు. అప్పటికే దీపాలు వెలిగాయి, ఆకాశం నల్లబడింది. గుంపు జంక్షన్ రోడ్డు మీదికి చీలి పడుతోంది. మీ కడుపుకు ఏదో గట్టిగా గుచ్చుకుంది. గుండ్రంగా ఉంది. తడిగా ఉంది. బరువుగా ఉంది.

బంతి.

ఎవరూ చూడలేదు. చొక్కా కింద దాచి నడిచిపోవచ్చు. అదీ ఆటలో భాగమే. దొంగచాటుగా సందుల వెంట, పెరళ్ళ వెంట, ఇళ్ళ కప్పుల మీదుగా కూడా బంతిని తీసుకుపోయినవాళ్ళున్నారు. పరుగెత్తాలా? ఇవ్వాలా?

పరుగెత్తండి.

పది అడుగులు. ఇరవై. ఎడమ నుంచి నీడ. నడుము చుట్టూ చేతులు. పడిపోతున్నారు. కిందపడితే బంతి దిగువకే. కుడి పక్క ఒక నెరిసిన జుట్టు మనిషి చేతులు చాచాడు. మన ఎగువవాడే. ఇచ్చెయ్యండి. ఇచ్చారు. మోకాళ్ళు రోడ్డుకు తగిలాయి. మీ మీద ఇద్దరు. వాళ్ళ మీద నలుగురు.

దూరం నుంచి గర్జన.

లేచి పరుగెత్తేసరికి మెకిన్సన్ మూల దగ్గర గోడకు మనుషులు అతుక్కుపోయి ఉన్నారు. బంతి తగిలింది. ఎగువ గెలిచింది. కానీ గొడవ ఇప్పుడే మొదలు. బంతి ఎవరిది? జట్టుకు దక్కేది గెలుపు మాత్రమే. బంతి ఒక్క మనిషికి, జీవితాంతం. చివర గోడకు తాకించినవాడికే ఇవ్వాలని లేదు. ఏళ్ళ తరబడి ఆడినవాడికి, గుంపు నడుమ ఎక్కువ దెబ్బలు తిన్నవాడికి ఇస్తారు. నలుగురి పేర్లు అరుస్తున్నారు. క్రమంగా ఒక్క పేరే మిగిలింది. ఆ నెరిసిన జుట్టాయనదే. భుజాల మీదికి ఎత్తారు. ఆయన ఏడుస్తున్నాడు. సిగ్గుపడడం లేదు.

రాత్రికి ఆయన ఇంటి తలుపు తీసే ఉంటుంది. వచ్చినవాళ్ళందరికీ తిండి, మందు. ఓడినవాళ్ళూ వస్తారు. ఎగువ గెలిస్తే పంటలు, దిగువ గెలిస్తే చేపలు బాగుంటాయని పెద్దలు గుర్తుచేస్తారు. కనుబొమ్మకు కుట్లతో పక్కింటాయన వచ్చి మీ పక్కన కూర్చుంటాడు. ఆయన ఇన్నేళ్ళు ఆడినా బంతి ఇంకా దక్కలేదు.

డబ్బు లేదు, కప్పు లేదు, పతకం లేదు. ఏటా పెద్దవాళ్ళకు రెండే బంతులు, క్రిస్మస్‌కు ఒకటి, జనవరి 1కి ఒకటి. అవి దక్కకుండానే వయసు మీరి తప్పుకున్నవాళ్ళే ఈ ఊళ్ళో ఎక్కువ. వచ్చే ఆటకు వారం రోజులే ఉంది. ఈలోగా ఆ పక్కటెముక డాక్టరుకు చూపించుకోండి.